షిల్డన్‌లో బొగ్గు బండి దగ్గర నాన్న

ముందు కోపం తెప్పించిన చోటు సంగతి. ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక చిన్న రైలు మ్యూజియం, మనిషికి 12.50 పౌండ్లు. షెడ్డులో ఇంజన్లన్నీ తళతళలాడుతున్నాయి. గూడ్స్ వ్యాగన్లు ఎక్కడండీ అని అడిగితే, "వెనకాల ఉన్నాయి, చూడ్డానికి పెద్దగా ఏం లేదు" అన్నాడు కౌంటర్లో మనిషి. మోకాలెత్తు గడ్డిలో ఏడు వ్యాగన్లు. ఒకదానికి కొత్తగా ఎర్ర రంగు కొట్టారు. అడుగు పలక మీద నాన్న బొటనవేలు పెట్టి నొక్కితే గోరు దాకా దిగిపోయింది. ఇనుప పట్టీకీ చెక్కకీ మధ్య వాన నీళ్లు దిగి లోపలంతా కుళ్లిపోయింది, పైన రంగు మాత్రం మెరుస్తోంది. ముప్ఫై ఏళ్లు గూడ్స్ గార్డుగా చేసిన మనిషికి అది చూపించాల్సి వచ్చింది. తిరుగు బస్సులో ఆయన ఒక్క మాటా మాట్లాడలేదు.

డార్లింగ్టన్‌లో గది 78 పౌండ్లు, ఫరవాలేదు.

మర్నాడు లోకల్ రైల్లో షిల్డన్ వెళ్లాం. 1825లో స్టాక్‌టన్-డార్లింగ్టన్ రైలు నడిచిన ఊరు. అక్కడి లోకోమోషన్ మ్యూజియానికి టికెట్ లేదు, ఉచితం. 2024లో తెరిచిన కొత్త హాల్లో బండ్లు కప్పు కింద, పొడిగా ఉన్నాయి. వ్యాగన్‌కి కావలసింది ముందు అదే, రంగు తర్వాత.

చాల్డ్రన్ అనే పాతకాలపు బొగ్గు బండి దగ్గర నాన్న ఆగిపోయారు. పైన వెడల్పు, కింద ఇరుకు, అడుగున తలుపు. 53 హండ్రెడ్‌వెయిట్లు పట్టేది, అంటే సుమారు 2.7 టన్నులు. అక్కడినుంచి హెచ్‌ఏఏ హాపర్ అనే, అడుగున తలుపులుండే తర్వాతి కాలపు బొగ్గు వ్యాగన్ దగ్గరికి వెళ్లాం. ఈ రకం వ్యాగన్లు వేలకొద్దీ ఈ ఊరి వర్క్‌షాపులోనే తయారయ్యాయి, అది 1984లో మూతపడింది. పవర్ స్టేషన్‌లో రైలు ఆగకుండా మెల్లగా కదులుతుంటే పట్టాల పక్కనున్న ఏర్పాటు తగిలి అడుగు తలుపులు వాటంతటవే తెరుచుకునేవని చెప్తే, నాన్న వంగి కిందికి చూసి, "ఆపకుండానేనా?" అని రెండుసార్లు అడిగారు.

పాత వ్యాగన్ల పలకలు సర్వీసులో ఉండగానే ఎన్నోసార్లు మారతాయి. అందుకే మిగిలిన ఒక్క అసలు పలకనైనా పారేయకుండా అట్టిపెట్టాలి. ఇంజను ఒక్కటే రైలు కాదు కదా, బొగ్గు మోసింది ఇవే.

షిల్డన్‌కి గంట చాలదు, పూటంతా పెట్టుకోండి. రెండున్నర గంటలు గడిచాక మేం బయల్దేరదామంటే నాన్న ఒప్పుకోలేదు. ఇంకొక్కసారి ఆ తలుపులు చూసొస్తానని వెళ్లారు. రైలు తప్పిపోయింది.