హిస్టరీ 1302కి ‘అమెరికన్ యాప్’ ఒక్కటే సరిపోతుందా?

టెక్సాస్‌లో ప్రభుత్వ కాలేజీలో డిగ్రీ చేయాలంటే, మీరు కంప్యూటర్స్ తీసుకున్నా నర్సింగ్ తీసుకున్నా, అమెరికా చరిత్ర 6 క్రెడిట్లు చేయాల్సిందే, చట్టమే అలా ఉంది. అందులో రెండో సగం, అంటే 1877 నుంచి ఇప్పటిదాకా నడిచే భాగం, హిస్టరీ 1302. ప్రతి సెమిస్టర్ మొదట్లో తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే ప్రశ్న ఒకటే: పుస్తకం డబ్బు పెట్టి కొనాలా, ఫ్రీగా దొరికేది చాలా? నర్సింగ్‌కి ముందు పూర్తి చేయాల్సిన సబ్జెక్టుల్లో భాగంగా నేను ఈ కోర్సు ‘ది అమెరికన్ యాప్’తోనే గట్టెక్కాను కాబట్టి ఇది రాస్తున్నా. (పేరు చూసి ప్లే స్టోర్‌లో వెతక్కండి, ఇది టెక్స్ట్‌బుక్కు.)

ముందే చెప్పేస్తా, చాలు. కానీ మనం పదో తరగతి సోషల్ చదివినట్టు కారణాలు, ఫలితాలు, ఇంపార్టెంట్ క్వశ్చన్స్ అని చదివితే మాత్రం ఇది మీకు నచ్చదు.

300 మందికి పైగా చరిత్రకారులు కలిసి రాసిన పుస్తకం ఇది. మొత్తం 30 చాప్టర్లు, మనకు కావాల్సినవి 15 నుంచి 30 దాకా. వెబ్‌సైట్‌లో పూర్తిగా ఉచితం, పీడీఎఫ్ కూడా ఉచితమే, చేతిలో పట్టుకుని చదవాలనుకునే వాళ్ళకి స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ రెండు సంపుటాలుగా అచ్చు వేసింది. లాగిన్ లేదు, ఆన్‌లైన్ పుస్తకం తెరవడానికి డబ్బు పెట్టి కొనే యాక్సెస్ కోడ్ గోల లేదు. వేరే సబ్జెక్టులకి యాక్సెస్ కోడ్‌లు కొని కొని విసిగిపోయిన వాళ్ళకి ఇదొక్కటి చాలు ప్రాణం లేచి రావడానికి.

అసలు సరుకు చాప్టర్లలో కంటే ‘రీడర్’ అని పక్కన పెట్టిన దాంట్లో ఉంది. ప్రతి చాప్టర్‌కి ఆ కాలంలో మనుషులు రాసిన ఉత్తరాలు, చేసిన ప్రసంగాలు, ఫొటోలు, పోస్టర్లు కొన్ని ఇచ్చారు. చాలామంది వీటిని చాయిస్‌లో వదిలేస్తారు. నేను చెప్పేది తిరగేసి చదవమని, ముందు ఇవి, తర్వాత చాప్టరు.

15వ చాప్టర్ తీసుకోండి. జోర్డన్ ఆండర్సన్ అనే ఆయన బానిసత్వం నుంచి బయటపడి ఒహాయోలోని డేటన్‌లో స్థిరపడ్డాడు. టెనెసీలో ఉన్న పాత యజమాని, మళ్ళీ వచ్చి పనిచేయి, బాగా చూసుకుంటాను అని కబురు పెడితే, దానికి ఆయన 1865 ఆగస్టులో రాయించిన జవాబు ఇందులో ఉంది. ఎక్కడా గొంతు పెంచడు, మర్యాదగా లెక్క చెప్తాడు. మీ మాట మీద నమ్మకం కుదరాలంటే ముందు పాత జీతం పంపండి, నేను 32 ఏళ్ళు చేశాను, నెలకు 25 డాలర్లు, మా ఆవిడ మాండీ 20 ఏళ్ళు చేసింది, వారానికి 2 డాలర్లు, మొత్తం 11,680 డాలర్లు, పైన వడ్డీ. అందులోంచి మాకు పెట్టిన బట్టల ఖర్చు, నాకోసం మూడుసార్లు డాక్టర్ వచ్చిన ఖర్చు, మాండీకి పన్ను పీకించిన ఖర్చు మినహాయించుకోండి అంటాడు. నేను కాలిక్యులేటర్ తీసి వేసి చూశా, అణాపైసలతో సహా సరిపోయింది. చివర్లో, మీరు నా మీద కాలుస్తుంటే మీ చేతిలో పిస్తోలు లాక్కున్న జార్జ్ కార్టర్‌ని అడిగానని చెప్పండి, థ్యాంక్స్ కూడా చెప్పండి అని ముగిస్తాడు. ఇంత నవ్వుతూ ఇంత గట్టిగా కొట్టిన ఉత్తరం నేనింకోటి చదవలేదు. ఇది చదివాక రీకన్‌స్ట్రక్షన్ (అంతర్యుద్ధం తర్వాత దక్షిణాదిని మళ్ళీ నిలబెట్టే ప్రయత్నం జరిగిన కాలం) చాప్టర్ ఎవరూ బట్టీ పట్టించక్కర్లేదు, బానిసత్వం పోయాక కూలి ఎవరికి, భూమి ఎవరికి అన్నదే అసలు గొడవ అని దానంతట అదే అర్థమవుతుంది.

కోర్సు పేరులో 1877 ఉంది కదా అని కొందరు ఈ 15వ చాప్టర్‌ని ఎగ్గొట్టేస్తారు, ఆ పని చేయకండి. 1865లో బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణ, 1868లో ఇక్కడ పుట్టినవాళ్ళకి పౌరసత్వం ఇచ్చిన 14, 1870లో జాతిని చూసి ఓటు ఆపకూడదన్న 15, ఈ మూడూ లేకుండా తర్వాత వందేళ్ళలో ఏదీ తలకెక్కదు. ఇక్కడ పుట్టిన మన పిల్లల చేతిలో అమెరికా పాస్‌పోర్ట్ ఉందంటే అదీ ఆ 14వ సవరణ చలవే, శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా తల్లిదండ్రులకి పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ కోర్టుకెక్కితే 1898లో సుప్రీంకోర్టు అవును, ఇతను పౌరుడే అని తేల్చింది కాబట్టే.

16వ చాప్టర్ 1877 రైల్వే సమ్మెతో మొదలవుతుంది. 1873లో ఆర్థిక సంక్షోభం, కంపెనీలు కూలీల జీతాలు కోసి వాటాదారులకి మాత్రం డివిడెండ్లు పంచాయి, వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో పని ఆపేశారు, అది ఊరూరికీ పాకింది, దాదాపు 100 మంది చనిపోయారు, దాదాపు 4 కోట్ల డాలర్ల ఆస్తి బూడిదైంది. ఇక్కడ ఒక సంగతి మీరే కలుపుకోవాలి. ప్రెసిడెంట్ హేస్ ఆ ఏడాది ఏప్రిల్‌లో దక్షిణాదిలో నల్లజాతివాళ్ళకి అండగా ఉన్న సైన్యాన్ని వెనక్కి తీసుకున్నాడు, జూలైలో అదే సైన్యాన్ని సమ్మె చేస్తున్న కూలీల మీదికి పంపాడు. ఎస్సేలో ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి రాస్తే మార్కులు ఎలా ఉంటాయో చూడండి.

అదే చాప్టర్లో రైతుల భాగం మనవాళ్ళకి కొత్తగా ఉండదు. దక్షిణాది పత్తి రైతు విత్తనానికి, సరుకులకి కొట్టువాడి దగ్గర అప్పు చేయడం, పంట చేతికి రాకముందే అది తాకట్టులో ఉండటం, ధర పడిపోవడం, వరంగల్ పత్తి రైతు కథ చదువుతున్నట్టే ఉంటుంది. ఈ రైతులు పెట్టుకున్న ఫార్మర్స్ అలయన్స్ మన టెక్సాస్‌లోనే, లాంపాసస్‌లో, 1877లో మొదలైంది.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది 26వ చాప్టరు, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సబర్బ్‌లు, అంటే ఊరి శివారు కాలనీలు, పుట్టిన కథ. ఇల్లు కొనేముందు మనం అడిగే మొదటి ప్రశ్న స్కూల్ డిస్ట్రిక్ట్ ఎలా ఉంది అనే కదా. 1930లలో ప్రభుత్వ సంస్థ ఒకటి ఊళ్ళను పేటల వారీగా ఆకుపచ్చ, నీలం, పసుపు, ఎరుపు రంగులు వేసి విడగొట్టింది, నల్లజాతివాళ్ళు ఉన్న పేటలకి ఎరుపు, అక్కడ ఇంటి అప్పు పుట్టదు. యుద్ధం నుంచి వచ్చినవాళ్ళకి 1944 జీఐ బిల్లు కింద ఇళ్ళ అప్పులు ఇచ్చినప్పుడూ, లెవిట్‌టౌన్ లాంటి కాలనీలు లేచినప్పుడూ లాభం ఎక్కువగా తెల్లవాళ్ళకే దక్కింది. ఇల్లు ఉన్నచోట ఆస్తి పన్ను, పన్ను ఉన్నచోట మంచి బడి. రిచ్‌మండ్ యూనివర్సిటీ వాళ్ళు ఆ పాత రంగుల మ్యాపులన్నీ ‘మ్యాపింగ్ ఇనీక్వాలిటీ’ అనే సైట్‌లో పెట్టారు, మీ ఊరిది ఉందేమో వెతికి దాని పక్కన ఇప్పటి స్కూల్ రేటింగులు తెరిచి చూడండి.

ఇక లోపాలు. చాప్టర్ చివర ప్రశ్నలు లేవు, ముఖ్య పదాల పట్టిక లేదు, చదివింది బుర్రకెక్కిందో లేదో తేల్చుకునే దారి లేదు. ఇందులో ఓపెన్‌స్టాక్స్ వాళ్ళ ‘యు.ఎస్. హిస్టరీ’ మేలు, అదీ ఉచితమే, 32 చాప్టర్లు, ప్రతిదానికీ సారాంశం, ప్రశ్నలు ఉన్నాయి. కానీ చదువుతుంటే ఎంతసేపూ పాఠ్యపుస్తకంలాగే ఉంటుంది, ఊపు లేదు. నేను చేసింది ఏంటంటే చదవడం యాప్‌లో, పరీక్షకి ముందు ప్రశ్నలు ఓపెన్‌స్టాక్స్‌లో.

ఇంకోటి, పౌరహక్కుల ఉద్యమాన్ని ముక్కలు చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో ‘డబుల్ వి’ ప్రచారం (బయట ఫాసిజం మీద, ఇంట్లో జాతివివక్ష మీద, రెండు గెలుపులూ కావాలని) 24లో, బడుల్లో నల్ల, తెల్ల పిల్లల్ని వేరు చేయడం చెల్లదన్న 1954 బ్రౌన్ తీర్పు, మాంట్‌గోమరీ బస్సు బహిష్కరణ 26లో, 1960లో గ్రీన్స్‌బరో హోటల్ కౌంటర్ దగ్గర నల్లజాతి విద్యార్థుల బైఠాయింపు, 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటు హక్కు చట్టం 27లో. కాలక్రమం ప్రకారం తప్పేం కాదు, కానీ మొదటిసారి చదివేవాడికి ఉద్యమం అరవైల్లో ఆకాశం నుంచి ఊడిపడినట్టు ఉంటుంది. ఈ మూడు చోట్లా ఉన్న ముక్కల్ని వరసగా ఒకేసారి కూర్చుని చదివేయండి.

మనవాళ్ళ సంగతి మాత్రం వేరేగా చదువుకోవాల్సిందే. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు ‘తెల్లవాళ్ళు’ కాదు, పౌరసత్వం రాదు అన్న తీర్పు, 1924లో దాదాపు తలుపులు మూసేసిన వలస చట్టం, 1946లో ఏడాదికి 100 మందికి కోటా, చివరికి 1965 వలస చట్టంతో డాక్టర్లు, ఇంజనీర్లు రావడం. దానికి ముందే కాలిఫోర్నియాలో, భారత స్వాతంత్ర్యం కోసం పెట్టిన గదర్ పార్టీలో చేరిన మన దరిశి చెంచయ్య ఉన్నాడు. రీసెర్చ్ పేపర్‌కి టాపిక్ దొరక్క టెన్షన్ పడేవాళ్ళు థిండ్ కేసు తీసుకోండి, తీర్పు చిన్నదే, ఇంట్లో భోజనాల దగ్గర మాట్లాడుకోవడానికీ పనికొస్తుంది.

క్లాసు వద్దు, క్లెప్ పరీక్ష రాసి క్రెడిట్ కొట్టేద్దాం అనుకునేవాళ్ళకి ఇది సరైన పుస్తకం కాదు. అక్కడ 90 నిమిషాల్లో 120 ఆబ్జెక్టివ్ ప్రశ్నలు, 1915 తర్వాత కాలానికే ఎక్కువ బరువు, దానికి ఓపెన్‌స్టాక్స్ పట్టుకోండి. ఎస్సేలు రాయించే ప్రొఫెసర్ దొరికితే మాత్రం యాప్‌కి తిరుగులేదు. మాకు మిడ్‌టర్మ్‌లో ఒక పాత ఉత్తరం ఇచ్చి ఎవరు రాశారు, ఎవరికి, ఏం ఆశించి అని అడిగారు, రీడర్ చదివినవాళ్ళకి అది చిటికెలో పని.

30వ చాప్టర్ హడావుడిగా లాగించేశారు, దాని మీద గంటలు పెట్టకండి. ఫోన్‌లో కూడా చదవకండి, చాప్టర్లు పొడుగు, వేలు అరిగిపోతుంది. పీడీఎఫ్ దించుకుని లైబ్రరీలో కావాల్సిన చాప్టర్లు రెండువైపులా ప్రింటు తీసుకోండి, మార్జిన్‌లో రాసుకోవడానికి చోటుంటుంది.