బ్రెయిన్ ట్యూమర్ పేషెంట్లకి ‘యాంటీఆక్సిడెంట్ కిట్’ అంటగడుతున్నారు, జాగ్రత్త

ఇంట్లో ఎవరికైనా గ్లియోబ్లాస్టోమా (మెదడులో వేగంగా పెరిగే క్యాన్సర్ ట్యూమర్) అని తేలి రేడియేషన్ మొదలవబోతుంటే, దయచేసి ఇది చదవండి. ‘యాంటీఆక్సిడెంట్ కిట్’ అనో ‘ఇమ్యూనిటీ కోర్సు’ అనో పట్టుకుని ఎవరో ఒకరు మీ గుమ్మం తొక్కుతారు. గుంటూరులో మా అక్కావాళ్లింటికి అలాగే వచ్చారు. 28 వేలు వదిలాయి. డబ్బు సంగతి తర్వాత చెప్తాను, ఇందులో అదే చిన్న విషయం.

వచ్చినావిడ డాక్టరు కాదు, ‘వెల్‌నెస్ కోచ్’ అట. చుట్టాల ద్వారా వచ్చింది కాబట్టి మొహం మీద వద్దనడానికి లేదు. బావగారి తలకి ఇంకా కట్టు కూడా విప్పలేదు. ఆవిడ చెప్పిందంతా ఒక్కటే: క్యాన్సర్‌కి మూలం ఫ్రీ రాడికల్స్ (ఒంట్లో పుట్టి కణాల్ని దెబ్బతీసే చురుకైన అణువులు), మా కిట్ వాటిని చంపేస్తుంది, ట్యూమర్ కరిగిపోతుంది. “రేడియేషన్ మానేయమని నేను చెప్పనండీ, దానికి తోడుగా వాడండి” అని కూడా అంది. ఆ మాటతోనే అక్కకి నమ్మకం కుదిరింది.

అసలు తిరకాసు ఆ ‘తోడు’లోనే ఉంది. రేడియేషన్ చాలావరకు పనిచేసేదే ఫ్రీ రాడికల్స్ ద్వారా. కిరణాలు కణంలోని నీటిని చీల్చి ఫ్రీ రాడికల్స్ పుట్టిస్తాయి, అవి వెళ్లి ట్యూమర్ కణం డీఎన్ఏని తెంపుతాయి. వాటిని చంపే మాత్రలు పెద్ద డోసులో అదే సమయంలో మింగితే, ఒక చేత్తో రేడియేషన్‌కి డబ్బు కట్టి, రెండో చేత్తో దాన్ని ఆపడానికి కట్టినట్టే కదా!

ఇది ఊహాగానం కాదా అంటారేమో. కెనడాలోని క్యూబెక్‌లో తల, మెడ క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకుంటున్న 540 మంది మీద ట్రయల్ చేశారు. రోజూ 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చారు, మొదట్లో బీటా కెరోటిన్ కూడా కలిపారు. రేడియేషన్ సైడ్ ఎఫెక్టులు కొంత తగ్గిన మాట నిజమే. కానీ ఆ తర్వాత ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ల కంటే విటమిన్ వేసుకున్నవాళ్లలోనే చావులు ఎక్కువ. అంతకుముందు 1994లో ఫిన్లాండ్‌లో 29 వేలమంది పొగతాగే మగవాళ్ల మీద జరిగిన ట్రయల్లోనూ అంతే, బీటా కెరోటిన్ వాడినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. వీటిలో ఏదీ మెదడు ట్యూమర్ మీద చేసింది కాదు, కాబట్టి అక్కడా కచ్చితంగా ఇలాగే జరుగుతుందని నేననను. కానీ మాకమ్మిన కిట్‌లో విటమిన్ ఇ ఎంతుందో తెలుసా? సరిగ్గా అదే 400 యూనిట్లు.

మెదడు ట్యూమర్ ఉన్నవాళ్ల తిండి గురించి అమెరికాలో పరిశీలనలు జరిగాయి. ఫలితాలు ట్యూమర్ గ్రేడ్‌ని (తీవ్రత స్థాయిని) బట్టి, పోషకాన్ని బట్టి తలోరకంగా వచ్చాయి. వాటిని చూపించి ‘ఆయుష్షు పెరుగుతుంది’ అని డబ్బా అమ్మడం శుద్ధ మోసం. ఈ జబ్బులో నిజంగా ఆయుష్షు పెంచిందేమిటో కూడా చెప్తాను. 2005లో వచ్చిన ట్రయల్లో 573 మందిని రెండు జట్లు చేసి చూస్తే, ఉత్త రేడియేషన్‌తో మధ్యస్థ ఆయుష్షు (సగం మంది దాటిన కాలం) 12.1 నెలలు, దానికి టెమోజోలమైడ్ అనే కీమో మాత్ర కలిపితే 14.6 నెలలు. ఆ రెండున్నర నెలలు సంపాదించడానికే అంత కష్టపడ్డారు. కోచ్ గారి పాంప్లెట్‌లో మాత్రం ‘90 రోజుల్లో ట్యూమర్ మాయం’!

ఇంకో సంగతి. కిట్‌లో కర్కుమిన్ (పసుపులోంచి తీసిన పదార్థం) మాత్రలున్నాయి, ఒంటికి బాగా పట్టాలని మిరియాల సారం, అంటే పైపరిన్, కలిపారు. బావగారు ఫిట్స్ రాకుండా ఫెనిటోయిన్ వాడుతున్నారు. పైపరిన్ ఆ మందుని రక్తంలో పెంచగలదు. కిట్ మొదలుపెట్టాక ఆయన నడిస్తే తూలడం, చూపు నిలవకపోవడం మొదలైంది. ట్యూమర్ పెరిగిపోయిందేమోనని ఇల్లంతా హడలిపోయింది. కోచ్‌కి ఫోన్ చేస్తే “విషం బయటికి పోతోందండీ, డోసు పెంచండి” అంది. ఆస్పత్రిలో రక్తం చూస్తే ఫెనిటోయిన్ ఉండాల్సినదానికన్నా ఎక్కువుంది. పైపరిన్ వల్లేనని డాక్టరు తేల్చి చెప్పలేదు గానీ, కిట్ మొత్తం ఆపించి ఫెనిటోయిన్ డోసు సరిచేశారు. తూలడం తగ్గింది.

కూరలో పసుపు, ఉసిరికాయ పచ్చడి, ఆకుకూరలు, పళ్లు, ఇవన్నీ మామూలుగా పెట్టుకోమన్నారు డాక్టరు. అభ్యంతరమంతా డబ్బాల్లో వచ్చే పెద్ద డోసుల మీదే. ఏ డబ్బా కొన్నా, ‘ఆయుర్వేదమే కదా’ అనిపించినా, మూత తీయకముందే రేడియేషన్ డాక్టరుకి చూపించండి. పేరు చెప్తే చాలదు, వెనకవైపు లేబుల్ చూపించాలి.

ఆ లేబుల్ మేమూ భూతద్దం పెట్టి చదివాం. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ‘నాట్ ఫర్ మెడిసినల్ యూజ్’ అనుంది. తెలుగు పాంప్లెట్ క్యాన్సర్ తగ్గిస్తానంటుంది, ఇంగ్లీషు లేబుల్ నేను మందునే కాదంటుంది. ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు చూపించి “గవర్నమెంటు అప్రూవ్ చేసింది” అన్నారు. అది తిండి వస్తువులు తయారుచేసి అమ్ముకోవడానికిచ్చే లైసెన్సు, జబ్బు తగ్గిస్తుందని ఇచ్చిన సర్టిఫికెట్ కాదు. క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటనలివ్వడం 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం కూడా.

ఇక డబ్బు. జీఎస్టీ బిల్లు ఇవ్వలేదు, డబ్బులు కోచ్ సొంత నంబరుకి ఫోన్‌పే చేయించుకున్నారు. కంపెనీని అడిగితే “మా ఖాతాలోకి రాలేదు” అన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. పేమెంట్ స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు, పాంప్లెట్ ఫొటో జతచేశాం, కాబట్టి మీరూ అవేవీ డిలీట్ చేయకండి. సీలు విప్పని డబ్బాల డబ్బు వెనక్కి వచ్చింది, మిగతాది ఇంకా రాలేదు. ఆ పాంప్లెట్ ఒరిజినల్ మాత్రం తిరిగిచ్చేయమని మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. మేం ఇవ్వడం లేదు.