జీమెయిల్ ‘షో ఒరిజినల్’, గూగుల్ మెసేజ్‌హెడర్ టూల్: వాడి చూశాక

పోయిన వారం మా పిన్ని కంగారుగా ఫోన్ చేసింది. “ఏమే, బ్యాంకు నుంచి మెయిల్ వచ్చింది. 24 గంటల్లో అకౌంట్ ఆపేస్తారట. లింక్ నొక్కనా?” అంది. “ఏదీ నొక్కకు పిన్నీ, ఆ మెయిల్ నాకు ఫార్వర్డ్ చెయ్యి” అన్నాను. అలా అడగడం నా పొరపాటు. మామూలుగా ఫార్వర్డ్ చేస్తే అది పిన్ని నాకు రాసిన కొత్త మెయిల్ అయిపోతుంది. అసలు పంపినవాడి హెడర్, అంటే మెయిల్ ఎక్కడి నుంచి ఎలా వచ్చిందో చెప్పే సాంకేతిక వివరాలు, అందులో రాదు.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లి ఆవిడ కంప్యూటర్‌లోనే తెరిచాను. మెయిల్ పక్కన మూడు చుక్కలు నొక్కితే వచ్చే మెనూలో ‘షో ఒరిజినల్’ ఉంటుంది. ఫోన్ యాప్‌లో ఉండదు, బ్రౌజర్‌లోనే చూడాలి. కొత్త ట్యాబ్‌లో పైన చిన్న పట్టిక, కింద మెయిల్ మొత్తం ముడి రూపంలో వస్తాయి.

పట్టికలో పంపినవాడిని సరిచూసే ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు పరీక్షలకూ ‘పాస్’ అని ఉంది. నా గుండె ఝల్లుమంది. “చూశావా, అసలుదే” అంటూ పిన్ని మౌస్ అందుకుంది. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను. డీకిమ్ ‘పాస్’ పక్కనే అది ఏ డొమైన్‌కు (మెయిల్ ఐడీలో @ తర్వాత ఉండేలాంటి పేరుకు) వచ్చిందో ఉంటుంది. అక్షరం అక్షరం చదివాను. బ్యాంకు పేరులో ఇంగ్లిష్ ‘ఎమ్’ ఉండాల్సిన చోట ‘ఆర్’, ‘ఎన్’ అతుక్కుని కూర్చున్నాయి. మామూలుగా చూస్తే ఎవరికైనా ‘ఎమ్’ లాగే కనిపిస్తుంది.

మోసగాడు ఆ డొమైన్ తీసుకుని, ఈ పరీక్షలకు కావాల్సిన రికార్డులన్నీ దానికి పద్ధతిగా పెట్టుకున్నాడన్నమాట. ఈ డొమైన్ తరఫున పంపడానికి ఈ సర్వర్‌కు అనుమతి ఉందని ఎస్పీఎఫ్ చెబుతుంది. మెయిల్‌కు ఉన్న డిజిటల్ సంతకం సరిపోయిందని డీకిమ్ చెబుతుంది. ఆ రెండిట్లో ఒకటైనా ‘ఫ్రమ్’లో కనిపించే డొమైన్‌తో కలిసిందని డీమార్క్ చెబుతుంది. ఆ డొమైన్ యజమాని మంచివాడో కాదో ఈ మూడింట్లో ఏదీ చెప్పదు. దయచేసి ‘పాస్’ చూసి ఊపిరి పీల్చుకోకండి, ఎవరి పేరు మీద పాస్ అయిందో చూడండి.

తర్వాత మొదటి ఖాళీ లైన్ వరకు ఉన్న హెడర్‌ను కాపీ చేసి, గూగుల్ అడ్మిన్ టూల్‌బాక్స్‌లోని మెసేజ్‌హెడర్ పేజీలో పెట్టాను. లాగిన్ అక్కర్లేదు. మెయిల్ ఏ సర్వర్ నుంచి ఏ సర్వర్‌కు వెళ్లిందో, ఎక్కడ ఎంత ఆలస్యమైందో వరుసగా చూపిస్తుంది. ప్రతి సర్వర్ తన ‘రిసీవ్డ్’ లైన్‌ను పైన చేరుస్తూ పోతుంది కాబట్టి, మనమే చదవాలంటే కింది నుంచి పైకి రావాలి. పైగా టైమ్ జోన్ల లెక్క ఒకటి. ఆ తలనొప్పి తప్పింది.

అయితే ఈ టూల్ హెడర్‌లో ఉన్నది ఉన్నట్టు పెడుతుంది, ఏది కల్పితమో చెప్పదు. అట్టడుగు లైన్‌లో బ్యాంకు అసలు సర్వర్ పేరే కనిపించింది. అది పంపినవాడు ముందే రాసిపెట్టుకున్న లైన్. మనం నమ్మాల్సింది మన మెయిల్ సర్వర్ స్వయంగా రాసిన లైన్‌నే. జీమెయిల్‌కు బయటి నుంచి వచ్చిన మెయిల్‌లో అది ‘బై ఎమ్‌ఎక్స్ డాట్ గూగుల్ డాట్ కామ్’ అని ఉంటుంది. అందులో ‘ఫ్రమ్’ తర్వాత వచ్చేది అవతలి సర్వర్ చెప్పుకున్న పేరు, అక్కడ ఏమైనా చెప్పుకోవచ్చు. బ్రాకెట్‌లోని ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో ఆ సర్వర్ నంబర్) మాత్రం తనకు కనెక్ట్ అయింది ఎవరో చూసి గూగుల్ సర్వర్ రాసుకున్నది.

ఏ ఐపీ ఎవరి పేరు మీద ఉందో చూపే హూఈజ్‌లో దాన్ని వెతికితే ఒక హోస్టింగ్ (సర్వర్లు అద్దెకిచ్చే) కంపెనీ పేరు, ఫిర్యాదులకు ఒక మెయిల్ ఐడీ దొరికాయి. మనిషెవరో దొరకలేదు. హెడర్ అంతవరకే తీసుకెళ్తుంది, ఆ సర్వర్ వెనక కూర్చున్నది ఎవరో తేల్చాల్సింది పోలీసులూ ఆ కంపెనీనే.

‘షో ఒరిజినల్’కు ఐదుకు ఐదు. మెసేజ్‌హెడర్‌కు నాలుగు, నమ్మదగిన లైన్ ఏదో గుర్తు పెట్టి చూపిస్తే ఆ ఒకటి కూడా ఇచ్చేదాన్ని.

‘డౌన్‌లోడ్ ఒరిజినల్’తో ఫైల్ దించి, హోస్టింగ్ కంపెనీకీ బ్యాంకుకీ అటాచ్ చేసి పంపాం. కార్డు వెనకున్న నంబర్‌కు పిన్ని ఫోన్ చేస్తే అకౌంట్ బాగానే ఉందన్నారు. ‘రిపోర్ట్ ఫిషింగ్’ ఆవిడే నొక్కింది. హోస్టింగ్ కంపెనీ నుంచి ఇంకా జవాబు రాలేదు.