ఇత్తడి కేసుల అనీలింగ్: నాలుగేళ్లు వాడాక నా మాట

కేసంటే తూటాలో మందును, బుల్లెట్‌ను పట్టి ఉంచే ఇత్తడి గొట్టం; అనీలింగంటే దాని మెడను వేడిచేసి మెత్తబరచడం. నాలుగేళ్ల కిందట కొన్న 200 కేసుల్లో 183 ఇప్పటికీ నా దగ్గర వాడకంలో ఉన్నాయి. 308 విన్‌చెస్టర్ రైఫిల్‌వి. ఒక్కోటీ మళ్లీ మందు, బుల్లెట్ నింపి 14 సార్లు పేల్చాను. అంతకుముందు అదే రకం కేసులు అనీలింగ్ చేయకుండా వాడితే ఎనిమిదో సారి నుంచే మెడ (బుల్లెట్‌ను పట్టుకునే సన్నటి పైభాగం) దగ్గర సన్నటి నిలువు చీలికలు కనిపించేవి.

నేనుండేది టెక్సస్‌లో. ఇక్కడ సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. ఇండియాలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేస్తే 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. కాబట్టి ఇది చదివి అక్కడ ఎవరూ ప్రయత్నించకండి.

తూటా కేసు ఇత్తడిలో 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. తూటా పేల్చినప్పుడు మెడ ఉబ్బుతుంది, డైలో (కేసును పాత కొలతకు తెచ్చే ఉక్కు అచ్చులో) పెట్టి నొక్కితే మళ్లీ ముడుచుకుంటుంది. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఒకచోట బిరుసెక్కి పుటుక్కున విరిగినట్టే, ఈ మెడ కూడా కొన్నాళ్లకు బిరుసెక్కి చీలుతుంది. మెడను, దాని కింద వాలుగా ఉండే షోల్డర్‌ను కాసేపు వేడిచేస్తే లోహం మళ్లీ మెత్తబడుతుంది. లాపువా కంపెనీ కొత్త కేసుల మెడ మీద కనిపించే నీలి, గోధుమ రంగు నీడ ఫ్యాక్టరీలో చేసిన ఈ పని గుర్తే.

మొదటి రెండేళ్లు చేత్తోనే చేశాను. ప్రొపేన్ టార్చి, బ్యాటరీ డ్రిల్లు, దానికి అరంగుళం డీప్ సాకెట్ (నట్లు తిప్పే లోతైన గొట్టం). 308 కేసు అడుగు వెడల్పు సుమారు 12 మిల్లీమీటర్లు, కాబట్టి ఆ సాకెట్‌లో వదులుగా కూర్చుంటుంది. డ్రిల్లు మెల్లగా తిప్పుతూ మెడను మంటలో పెట్టి, లెక్కపెట్టి, తిప్పి ట్రేలో పడేయడమే. ఎంతసేపు పెట్టాలో తేల్చుకోవడానికి టెంపిలాక్ అనే ద్రవం వాడాను. 750 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 400 సెల్సియస్ దగ్గర కరిగే రకాన్ని మెడ లోపల పూసి, అది కరిగే క్షణం పట్టుకోవాలి. తక్కువ వేడికి కరిగే ఇంకో రకాన్ని షోల్డర్ కింద కేసు ఒంటికి పూశాను. అది కరిగిందంటే వేడి కిందికి దిగుతోందని అర్థం. నా టార్చికి ఆరు సెకన్లు సరిపోయింది. మీ టార్చికి, మీ కేసుకి ఆ లెక్క వేరుగా ఉంటుంది, నాది పట్టుకుని వెళ్లకండి.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. కేసు అడుగు భాగాన్ని ఎప్పుడూ మెత్తబడనివ్వకూడదు. 308లో గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. దాన్ని ఆపేది ఆ గట్టి అడుగే. అది మెత్తబడితే వేడి వాయువు వెనక్కి, మీ ముఖం మీదికే వస్తుంది. అందుకే ఓవెన్‌లో పెట్టి మొత్తం కేసును కాల్చే ఆలోచన ఎవరికైనా వస్తే దయచేసి మానుకోండి.

ఒక జూలై మధ్యాహ్నం గ్యారేజీ తలుపు తెరిచి పెట్టి ఈ పని చేశాను. ఆ ఎండ వెలుగులో మెడ ఎర్రబడటం కంటికి కనిపించలేదు. ఇంకాస్త, ఇంకాస్త అనుకుంటూ పది కేసులను అతిగా కాల్చేశాను. పటకారుతో నలిపి పారేశాను, మనసు చివుక్కుమన్నా. అప్పటి నుంచి దీపాలు ఆర్పి, చీకట్లోనే చేస్తున్నాను. చీకట్లో మెడ అంచున లీలగా నారింజ రంగు తొంగిచూసిన క్షణంలో తీసేస్తే చాలు.

తర్వాత రెండేళ్లుగా కేసుల్ని ఒక చక్రం మీద తిప్పుతూ మంట ముందుకు తెచ్చే గ్యాస్ మెషిన్ వాడుతున్నాను. వంద కేసులకు చేత్తో గంటకు పైగా పట్టేది, ఇప్పుడు పావుగంట. పని మాత్రం నిలకడగా ఉంది. ఒకటే చెడ్డ అనుభవం: రెండో నెలలో మోటారు ఆగిపోయి ఒక కేసు మంటలోనే నిలిచిపోయింది. పక్కనే ఉన్నాను కాబట్టి గ్యాస్ కట్టేశాను. కొత్త మోటారు రావడానికి ఐదు వారాలు పట్టింది. మెషిన్ నడుస్తుండగా ఫోన్ ఎత్తడానికి కూడా పక్కకు వెళ్లకండి. మంట లేకుండా కరెంటుతో వేడిచేసే న్యూజిలాండ్ ఏఎంపీ ఇండక్షన్ మెషిన్ కూడా చూశాను కానీ ధర వెయ్యి డాలర్లు దాటింది, నా వాడకానికి అంత అక్కర్లేదనిపించింది.

వేడి కేసును నీళ్లలో వేయాలా అని చాలామంది అడుగుతారు. డిప్లొమాలో అనీలింగంటే మెల్లగా చల్లార్చడమని చదువుకున్నాం, అది ఉక్కు సంగతి. ఇత్తడిని నీళ్లలో ముంచినా గట్టిపడదు, గాలికి వదిలేసినా తేడా రాదు. నీళ్లలో వేస్తే ఆరబెట్టే పని అదనం. నేను వేయను.

లాభం ఎక్కడ కనిపించింది? షోల్డర్ కొలతలో. అంగుళంలో వెయ్యో వంతుల్లో రెండు వెనక్కి నొక్కాలనుకుంటే, బిరుసెక్కిన కేసులు ఒకటి ఒకటిన్నర, ఇంకొకటి మూడు అన్నట్టు వచ్చేవి. ఇప్పుడు అన్నీ ఒకేలా వస్తున్నాయి. నెక్ టెన్షన్, అంటే మెడ బుల్లెట్‌ను పట్టుకునే బిగువు కూడా అంతే; బుల్లెట్ దిగేటప్పుడు నింపే ప్రెస్ పిడి పట్టుకున్న చేతికే అది తెలుస్తుంది. టార్గెట్ మీద గ్రూపులు (తూటాలు తగిలిన గుంపులు) చిన్నవయ్యాయా అంటే, నా షూటింగ్‌లో స్పష్టంగా చెప్పగలిగినంత తేడా కనిపించలేదు.

అనీలింగ్ సరిచేయలేనివీ ఉన్నాయి. పోయిన 17లో పది నేను అతిగా వేడిచేసి పాడుచేసినవి, రెండు గడ్డిలో పోయాయి, మిగిలిన ఐదింటికి ప్రైమర్ (మందును అంటించే చిన్న మూత) కూర్చునే పాకెట్లు వదులయ్యాయి. దానికి మందు లేదు. అడుగుకు కాస్త పైన లోపలి గోడ పలచబడటం కూడా అంతే. కొన వంచిన పేపర్ క్లిప్ లోపల పెట్టి గీకితే అక్కడ గాడి తగులుతుంది. తగిలితే ఆ కేసు చెత్తలోకే.

ఈ ఇత్తడి కథలో మన దేశం కూడా ఉంది. బ్రిటిష్ ఇండియాలో వానాకాలం గుర్రపుశాలల్లో దాచిన తూటా కేసులు వాటంతటవే పగిలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, కేసుల్లో మిగిలిన ఒత్తిడి కలిసి ఆ పని చేస్తున్నాయని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ తేల్చారు. ఆ ఒత్తిడిని తీసేసేది వేడే. అది చదివాక అమ్మోనియా ఉన్న పాలిష్ నా కేసుల దగ్గరికి రానివ్వడం లేదు.

షూటింగ్ రేంజ్‌లో ఏరుకున్న కేసులు నాలుగుసార్లు వాడి వదిలేసేవాళ్లకు ఈ శ్రమ దండగ. ఖరీదైన కేసులు కొని, ఏళ్ల తరబడి వాడుకునేవాళ్లు మాత్రం మొదలుపెట్టండి. మెషిన్ జోలికి పోకుండా ముందు టార్చి, డ్రిల్లుతో యాభై పాత కేసుల మీద చేయి తిప్పుకోండి.