ఎయిర్ ఫ్రయర్ ఓవెన్ కొనాలా, వద్దా? రెండు వేసవులు వాడిన ఇంటి నుంచి

ఈ ఓవెన్ గురించి నన్ను అడిగేవాళ్లందరూ ముందు నూనె సంగతే అడుగుతారు. నూనె తగ్గిన మాట నిజమే. నాకు మాత్రం పెట్టిన డబ్బు గిట్టింది పొయ్యి దగ్గర నిలబడే సేపు తగ్గడం వల్ల. విజయవాడలో మే నెల మధ్యాహ్నం, ఫ్యాన్ వేస్తే మంట ఎగిరిపోతుందని ఆపేసిన వంటింట్లో, దొండకాయ వేపుడు అడుగంటకుండా అరగంట కలిపినవాళ్లకి నేను వివరించక్కర్లేదు. ముక్కలు ట్రేలో పరిచి తలుపు మూసి, ఆ అరగంటలో పప్పు తాలింపు పెట్టుకుని, చారు కాచుకుని, కాసేపు ఫ్యాన్ కింద కూర్చుంటున్నాను. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. నేను ఊళ్లో లేని రోజున ఆవిడ కూడా దీంట్లోనే వేపుడు చేసుకుంటున్నారు.

మాది ఆరుగురి ఇల్లు. మా దగ్గరున్నది 25 లీటర్ల, 1700 వాట్ల ఓవెన్. తలుపు ముందుకు పడుతుంది, లోపల రెండు జాలీ ట్రేలు, కింద నూనె చుక్కలు పట్టే పళ్లెం. కంపెనీ పేరు చెప్పను. ఈ ధరలో దొరికేవన్నీ లోపల దాదాపు ఒకేలా ఉంటాయి.

ముందు యంత్రం సంగతి. పెట్టె మీద పదహారు, పద్దెనిమిది రకాల వంటలని రాస్తారు, పిజ్జాకో బొమ్మ, చికెన్‌కో బొమ్మ, చేపకో బొమ్మ ఉంటాయి. లోపల ఉన్నవి పైన కాయిల్, కింద కాయిల్, గాలి విసిరే ఫ్యాన్, కోడిని తిప్పే చిన్న మోటారు, అంతే. ఆ బొమ్మలన్నీ ఏ కాయిల్ వెలగాలి, ఫ్యాన్ ఎంత జోరుగా తిరగాలి, ఎన్ని డిగ్రీలు, ఎన్ని నిమిషాలు అన్న లెక్కలే. మామూలు ఓటీజీకీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసిన కరెంటు పొయ్యి) దీనికీ అసలు తేడా ఆ ఫ్యాన్ జోరు. వేడిగాలి ముక్క చుట్టూ గట్టిగా తిరిగితే పైనున్న తడి త్వరగా ఎగిరిపోతుంది, తడి పోయాకే ముక్క ఎర్రబడి కరకరలాడుతుంది. 2010లో ఫిలిప్స్ ఎయిర్ ఫ్రయర్ పేరుతో బుట్ట రకాన్ని (ముక్కలు వేసిన బుట్టని సొరుగులా లోపలికి తోసే చిన్న రకం) మార్కెట్లోకి తెచ్చినప్పుడూ సూత్రం ఇదే, ఇప్పుడీ పెద్ద ఓవెన్లలోనూ ఇదే. అందుకే ఎన్ని ఫంక్షన్లు ఉన్నాయన్నది చూసి ధర పెంచుకోకండి. నేను ఆ బొమ్మలు నొక్కడం ఎప్పుడో మానేశాను. డిగ్రీలు, నిమిషాలు చేత్తో పెట్టుకుంటాను.

ఇక వేపుళ్లు. దీన్ని కొనడానికి మా ఇంట్లో ఇదొక్క కారణం చాలు. పెళ్లి భోజనాల్లో పల్లీలు, జీడిపప్పు కలిపి వడ్డించే కరకరలాడే బెండకాయ వేపుడు ఉంది కదా, అది ఇంట్లో చేయాలంటే బాండీ నిండా నూనె పెట్టి వాయిలు వాయిలుగా దేవాలి. దీంట్లో అరకిలో బెండకాయకు రెండు చెంచాల వేరుశనగ నూనె సరిపోతుంది. కాయలు కడిగాక పూర్తిగా ఆరాలి, ఇక్కడ తొందర పనికిరాదు. గుడ్డతో తుడిచి, వేలి మందాన తరిగి, నూనె చేత్తో పట్టించి, ముక్క మీద ముక్క పడకుండా పరవాలి. ఉప్పు అప్పుడే వేయకూడదు, వేస్తే నీరూరి మెత్తబడతాయి. 180 డిగ్రీల్లో పది నిమిషాలయ్యాక ట్రే లాగి చూస్తే జిగురంతా ఎండి, అంచులు లోపలికి ముడుచుకుని, గింజలు బయటికి కనపడుతుంటాయి. ఒకసారి కలిపి ఇంకో ఆరేడు నిమిషాలు ఉంచితే ట్రే మీద గలగలమంటాయి. ఉప్పు, వెల్లుల్లి కారం దించాకే కలపాలి. కారం ముందే వేస్తే మాడి చేదెక్కుతుంది. పోపు విడిగా చిన్న గరిటెలో వేసుకోవాల్సిందే, ఆవాలు చిటపటలాడే పని ఈ ఓవెన్‌కి రాదు.

కాకరకాయ ఇంకా బాగా వస్తుంది. దొండకాయ కొంచెం మొండిది, సన్నగా నిలువునా తరిగితేనే లొంగుతుంది. చామదుంపలు ముందు ఉడికించి, చెక్కు తీసి, చెంచా బియ్యప్పిండి చల్లి 200 డిగ్రీల్లో పెడితే నూనెలో దేవిన వాటితో పోటీకి నిలబడతాయి. అరటికాయ మాత్రం నాకు నచ్చలేదు, పైన ఎండిపోయి లోపల పిండిపిండిగా ఉంటుంది. బాండీలోనే చేస్తున్నాను.

రెండు ట్రేలూ ఒకేసారి పెడితే పైది ముందు ఎర్రబడుతుంది, కిందది వెనకబడుతుంది. సగంలో పైది కిందకి, కిందది పైకి మార్చాలి. పెట్టె మీద రాసిన లీటర్లు లోపలి గది కొలత. మన పని జరిగేది ట్రే వైశాల్యంలో. ఒక ట్రేలో అరకిలో కూరముక్కలకు మించి పోస్తే గాలి ఆడక ఆవిరికి ఉడుకుతాయి. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి 4 లీటర్ల బుట్ట రకం చాలు, త్వరగా వేడెక్కుతుంది, చోటూ తక్కువ తీసుకుంటుంది. నలుగురు దాటిన ఇంట్లో బుట్ట రకం కొంటే రెండు వాయిలు వేయాలి. మొదటి వాయి చల్లారిపోతుంటే రెండోది అవుతుంటుంది, చివరికి మూల పడేస్తారు. మా ఆడపడుచు ఇంట్లో జరిగింది అదే.

నేను ముందు అనుకోని లాభం రోటి పచ్చళ్లకి వచ్చింది. టమాటాలు సగానికి కోసి, పచ్చిమిరపకాయలకు గాటు పెట్టి (పెట్టకపోతే పేలతాయి), వెల్లుల్లి రెబ్బలు పొట్టుతోనే పెట్టి 200 డిగ్రీల్లో పావుగంట మగ్గిస్తే, టమాటా నీరంతా ఇగిరిపోయి పచ్చడికి చక్కటి చిక్కదనం వస్తుంది. పల్లీలు 160 డిగ్రీల్లో పన్నెండు, పదిహేను నిమిషాలు, మధ్యలో ఒక్కసారి కదిపితే గింజ లోపలిదాకా ఒకే రంగులో వేగుతుంది, పొట్టు చేత్తో నలిపితే రాలిపోతుంది. పల్లీ పొడి, పల్లీ చట్నీ చేసేవాళ్లకి ఇది పెద్ద సుఖం. కానీ ఎండుమిరపకాయలు మాత్రం పెట్టకండి. ఫ్యాన్ ఆ ఘాటునంతా వెనక కన్నాల్లోంచి ఇంటి నిండా చిమ్ముతుంది. కరివేపాకు విడిగా వేస్తే గాలికి లేచి పై కాయిల్‌కి అంటుకుంటుంది. ఒక అంచు ఎర్రగా వెలిగి, ముడుచుకుని, బూడిదై కూర మీద రాలుతుంది. పైన ఇంకో జాలీ బోర్లిస్తే మూడు నాలుగు నిమిషాల్లో పొడి కొట్టుకోవడానికి వీలుగా గలగలలాడే ఆకు దొరుకుతుంది. అప్పడాలకీ అదే ఉపాయం, రెండు వైపులా నూనె రాసి జాలీ కింద పెట్టాలి. పచ్చడికి వంకాయ కాల్చడం అవుతుంది, తొక్కా తేలిగ్గా వస్తుంది, కానీ నిప్పు మీద కాలిన వాసన రాదు. ఆ వాసన కోసమే వంకాయ పచ్చడి తినేవాళ్లం మేము, కాబట్టి అది గ్యాస్ మంట మీదే.

మాంసం, చేపల విషయంలో నాకు ఫిర్యాదు లేదు. పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం పట్టించిన కోడి కాళ్లు 200 డిగ్రీల్లో పాతిక నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పితే చాలు. లోపల ఎముక దగ్గర 74 డిగ్రీలు దాటిందో లేదో చూసుకోవడానికి చిన్న థర్మామీటర్ కొనుక్కోండి, పైన ఎర్రబడ్డాయి కదా అని తీసేస్తే లోపల పచ్చిగా ఉండొచ్చు. కింద పళ్లెంలో కాసిని నీళ్లు పోస్తే కారిన కొవ్వు మాడి పొగ రాదు. వంజరం ముక్కలు జాలీకి అతుక్కుంటాయి. అరటాకు ముక్క ట్రేకి సరిపడా కోసి, నూనె రాసి, దాని మీద పెడుతున్నాను. ఆకు అంచులు ట్రే దాటకూడదు, దాటితే కాయిల్‌కి తగులుతాయి. కోడిని చువ్వకు గుచ్చి తిప్పే సరంజామా ఇచ్చారు గానీ, కిలో దాటిన కోడి తిరుగుతూ పై కాయిల్‌కి రాసుకుంటోంది. ఆ చువ్వ అలమరలో ఉంది.

ఇప్పుడు చేతకాని పనులు. మిర్చి బజ్జీ, పునుగులు, గారెలు, సకినాలు, జంతికలు: వీటికోసం దీన్ని కొనేవాళ్లు తప్పకుండా నిరాశపడతారు. 170, 180 డిగ్రీల నూనెలో పిండి పడగానే పైపొర క్షణాల్లో గట్టిపడి, లోపలి ఆవిరికి పొంగుతుంది. గాలికి అంత వేగంగా వేడిని అందించే శక్తి లేదు. జారుపిండి గట్టిపడేలోపే జాలీ కన్నాల్లోంచి కారిపోతుంది. గట్టి పిండితో చేసిన గారె కారదు గానీ కాల్చిన పిండి బిళ్లలా వస్తుంది. సంక్రాంతికి మా ఇంట్లో మూకుడు ఎక్కాల్సిందే, ఎక్కుతోంది. కాకపోతే ముందురోజు సమోసాలు, బజారు నుంచి తెచ్చి చల్లారిపోయిన పునుగులు ఇందులో ఐదు నిమిషాలు పెడితే మళ్లీ కరకరలాడతాయి. మైక్రోవేవ్‌లో అవి తోలులా సాగుతాయి.

కేకుకి ఎయిర్ ఫ్రై మోడ్ వాడకూడదు. ఫ్యాన్ జోరుకి పైన పెచ్చు కట్టి పగులుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. బేక్ మోడ్‌లో 160 డిగ్రీలు, కింది అర, సగం సేపయ్యాక పైన ఫాయిల్ కప్పితే పిల్లల పుట్టినరోజు కేకు చక్కగా వస్తుంది. రాగి బిస్కెట్లు అంతకంటే బాగా వస్తాయి. ఓటీజీ ఉన్న ఇంట్లో కేవలం బేకింగ్ కోసం ఇది కొనక్కర్లేదు.

ఎండబెట్టే మోడ్ మీద ప్రకటనల్లో చాలా చెప్తారు. మనకి డాబా మీద ఏప్రిల్ ఎండ ఉచితం. మామిడి ఒరుగులు, వడియాలు అక్కడే. వానాకాలంలో మెంతికూర, పుదీనా ఎండబెట్టడానికి పనికొస్తుంది. 55, 60 డిగ్రీల్లో గంటల తరబడి నడుస్తుంది, ఫ్యాన్ మోత వింటూ ఉండాలి.

ఆరోగ్యం గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. దేవిన నూనె మిగలకపోవడమే నా దృష్టిలో అసలు మేలు. నూనె మళ్లీ మళ్లీ కాగితే అందులో పోలార్ పదార్థాలు, అంటే నూనె చెడినప్పుడు పుట్టేవి, పెరుగుతాయి, అవి 25 శాతం దాటిన నూనె వంటకు పనికిరాదని దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన. ఇంట్లో దాన్ని కొలిచే సాధనం ఎవరి దగ్గరా ఉండదు, మిగిలిన నూనె పారబొయ్యడానికి ఎవరికీ చెయ్యి రాదు. ఆ బెంగ తీరింది. అలాగని ఇందులో చేసిందల్లా మంచిదని పిల్లలకి రోజూ బంగాళాదుంపలు మాడ్చి పెట్టకండి. పిండిపదార్థం ఎక్కువున్న దుంపలు 120 డిగ్రీలు దాటిన పొడి వేడిలో ఎర్రబడేటప్పుడు అక్రిలమైడ్ అనే, క్యాన్సర్ తేగలదని అనుమానించే రసాయనం తయారవుతుంది, నూనె లేకపోయినా అవుతుంది. బంగారు రంగు రాగానే తీసేయాలి.

కరెంటు సంగతి. 1700 వాట్లు 20 నిమిషాలు ఆగకుండా లాగినా 0.57 యూనిట్. వేడి అందుకున్నాక కాయిల్ ఆరుతూ వెలుగుతూ ఉంటుంది కాబట్టి అంతకూడా కాదు. యూనిట్ 6 రూపాయలు పడే ఇంట్లో ఒక వేపుడుకి మూడు రూపాయల చిల్లర. అసలే ఏసీ నడిచే నెలల్లో ఈ యూనిట్లు కలిసి పై శ్లాబులోకి నెట్టగలవు, అది మాత్రం చూసుకోండి. ప్లగ్ విషయంలో రాజీ పడొద్దు. ఇది ఏడు ఆంపియర్ల పైన లాగుతుంది. 6 ఆంపియర్ల సాకెట్‌కి అడాప్టర్ తగిలించి, లేదా ఎక్స్‌టెన్షన్ బోర్డుకి మిక్సీతో కలిపి పెడితే ప్లగ్గు కరుగుతుంది. 16 ఆంపియర్ల పవర్ ప్లగ్ గట్టు మీద లేకపోతే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, తర్వాత ఓవెన్ కొనండి. ఇంటి ఇన్వర్టర్ మీద నడపాలని చూడకండి.

కడగడం ఎవరూ చెప్పని బాధ. బుట్ట రకం అయితే గిన్నెలా కడిగేయొచ్చు. దీంట్లో ట్రేలు, పళ్లెం, తలుపు అద్దం, పై కాయిల్ చుట్టూ చిమ్మిన జిడ్డు, ఇన్ని ఉంటాయి. చికెన్ చేసిన రాత్రే, గోరువెచ్చగా ఉండగానే తుడవాలి. వారం ఆగితే ఆ జిడ్డు గోధుమరంగు లక్కలా గట్టిపడుతుంది, తర్వాతి వంటకల్లా పొగ వస్తుంది. చేపల వాసనకి తలుపు తెరిచి రాత్రంతా ఆరనివ్వడమే మందు.

నా యంత్రంలో తేలిన లోపాలు: కింది పళ్లెం నాన్‌స్టిక్ పూత ఏడాది తిరక్కముందే పెచ్చులూడింది. వేరేది కావాలని కంపెనీకి ఫోన్ చేస్తే నెలల తరబడి తిప్పి, చివరికి ఆ కొలత దొరకదన్నారు. స్టీలు సామాన్ల కొట్లో కొలత ఇచ్చి మామూలు స్టీలు పళ్లెం చేయించుకున్నాను, అదే నయం. లోపలి బల్బు పోయింది. తలుపు పై అంచు నుంచి ఆవిరి కారి టచ్ ప్యానెల్ కొన్నిసార్లు మొరాయిస్తుంది. మళ్లీ కొంటే తిప్పే నాబ్‌లున్నదే తీసుకుంటాను.

ఈ రకం ఓవెన్లు సుమారు 8,000 నుంచి 20,000 దాటిన ధరల దాకా ఉన్నాయి. నా సలహా ఒకటే: పోయిన నెలలో మీ ఇంట్లో బాండీలో ఏం వేగాయో గుర్తు తెచ్చుకోండి. కూరగాయల వేపుళ్లు, పల్లీలు, చికెన్, చేపలు ఎక్కువైతే, ఇంట్లో నలుగురికి పైగా ఉంటే, కొనండి. బజ్జీలు, పూరీలు ఎక్కువైతే వద్దు. కొట్టుకి వెళ్లేముందు గట్టు కొలుచుకోండి, వెనకా పక్కలా జానెడు ఖాళీ ఉండాలి, నెత్తిన చెక్క అలమర ఉండకూడదు. కొట్లో తలుపు తెరిచి ట్రే లాగి చూడండి, జాలీ స్టీలుదా, పూత పూసినదా అడగండి, విడి ట్రేలు ఆ ఊళ్లోనే దొరుకుతాయా అన్నది డబ్బు కట్టకముందే తేల్చుకోండి.