జాగ్రత్త: 300 మాస్కులు కొన్నాను, ఒక్కటీ ఎన్95 కాదు

తోటి ఈఎన్‌టీ మిత్రులకి, ముఖ్యంగా నాలాగా ఇద్దరు సిస్టర్లు, ఒక కాంపౌండర్‌తో చిన్న క్లినిక్ నడుపుకునే వాళ్ళకి ఇది రాస్తున్నాను. పోయింది 14,175 రూపాయలు. దాని గురించి నేనేమీ ఏడవట్లేదు. ఆ మాస్కులు నమ్ముకుని పదకొండు రోజులు వరసగా ముక్కుల్లోకి స్కోపులు పెట్టాం, అదీ నా బాధ.

మాది ఒంగోలు. ఈ 2021 మే నెలలో ఓపీ ఎలా ఉందో మీకు చెప్పక్కర్లేదు. కోవిడ్ తగ్గి ఇంటికొచ్చినవాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళు, స్టెరాయిడ్లు వాడినవాళ్ళు బుగ్గ తిమ్మిరెక్కిందని, పళ్ళు కదులుతున్నాయని, చీదితే నల్లగా పడుతోందని వస్తున్నారు. పేపర్లో బ్లాక్ ఫంగస్ వార్త చూసి ఏమీ లేకుండానే వచ్చేవాళ్ళు ఇంకా ఎక్కువ. ఎవరికుందో ఎవరికి లేదో స్కోపు పెట్టి టర్బినేట్ (ముక్కు లోపలి మడత) రంగు చూస్తే గానీ తెలియదు కదా. రోజుకి పది, పన్నెండు ఎండోస్కోపీలు. మధ్యాహ్నం 12కి కర్ఫ్యూ, అందరూ ఆలోపే రావాలి. అలాంటి టైములో మాస్కుల పెట్టె అడుగంటింది. మేం ఎప్పుడూ వాడే కంపెనీది గుంటూరులోనూ స్టాకు లేదన్నారు.

సరిగ్గా అప్పుడే ఒకాయన వాట్సాప్‌లో పలకరించాడు. పేరు చెప్పను, ఊరూ చెప్పను. సర్జికల్ సామాన్ల డిస్ట్రిబ్యూటర్నని చెప్పుకున్నాడు. డీపీలో తెల్లకోటు. "డాక్టర్ గారూ, ఎన్95 ఒరిజినల్ మాల్, అయిదు పొరలు, పీసు 45, రేపటికల్లా మీ క్లినిక్కులో ఉంటుంది" అన్నాడు. ఒక వీడియో కూడా పంపాడు. మాస్కుని దొన్నెలా పట్టుకుని అందులో గ్లాసుడు నీళ్ళు పోస్తే కింద చుక్క కారలేదు. నేను పడిపోయింది దానికే. ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తోంది. మాస్కులు కుట్టే పాలీప్రొపిలీన్ బట్ట ఏదైనా నీళ్ళు ఆపుతుంది. ఆ మాటకొస్తే కూరగాయల కవర్లో పోసినా కారవు. నీళ్ళు ఆగాయంటే వైరస్ ఆగుతుందని కాదు. అగ్గిపుల్ల ముందు పెట్టి ఊదే వీడియోలు కూడా అంతే, వాటిని చూసి వడపోత ఎంతో చెప్పలేం.

300 మాస్కులు, మీద 5 శాతం జీఎస్టీ, ముందే ఫోన్‌పే చేశాను.

వచ్చిన పెట్టె మీద ఎన్95, నియోష్, సీఈ, ఐఎస్ఓ 9001, ఎఫ్‌డీఏ అన్నీ ఉన్నాయి. పెళ్ళి శుభలేఖ మీద దేవుళ్ళందరినీ వేసినట్టు. చెవులకి తగిలించుకునే లూపులు. అక్కడే ఆగాల్సింది. నియోష్ (ఎన్95కి ఆమోదమిచ్చే అమెరికా సంస్థ) ఒప్పుకున్న ఎన్95కి తల వెనక్కి వెళ్ళే రెండు పట్టీలుంటాయి, చెవి లూపులుండవు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ, బయట హాల్లో పాతిక మంది కూర్చునుంటే, "పోన్లే, ముక్కు దగ్గర గట్టిగా నొక్కుకుంటే సరిపోతుంది" అనుకున్నాను.

మొదటి రోజే హెడ్‌లైట్ పెట్టుకోగానే కళ్ళద్దాలు మసకబారాయి. ఏసీ ఆపేసి కిటికీలు తీసి చూస్తున్నాం కదా, ఒంగోలు మే ఎండలో చెమటకేమో అనుకున్నాను. కాదు, నా ఊపిరి పైనుంచి లీకవుతోంది. బయటికి పోయే దారి ఉందంటే లోపలికొచ్చే దారీ ఉన్నట్టే.

మన పనిలో ఇది ఎంత ముఖ్యమో కొత్తగా ప్రాక్టీసు పెట్టిన వాళ్ళ కోసం ఒక్క మాట. ఈ వైరస్ గొంతులో కంటే ముక్కులో ఎక్కువుంటుందని పోయినేడు మొదట్లోనే తేలింది. రోగి ముక్కుకీ మన ముక్కుకీ మధ్య జానెడు దూరం. స్కోపు తగలగానే తుమ్ము, టంగ్ డిప్రెసర్‌తో నాలుక నొక్కగానే డోకు. ఇంగ్లండులో కోవిడ్‌తో పోయిన మొదటి డాక్టర్లలో ఒకాయన, 2020 మార్చి 28న చనిపోయిన అంజద్ ఎల్ హవ్రానీ, మన ఈఎన్‌టీ ఆయనే. ఆ వార్త చదివాకే ముక్కుని మొద్దుబార్చే 10 శాతం లిగ్నోకెయిన్ స్ప్రే కొట్టడం మానేసి ఆ మందులో తడిపిన దూది పెట్టడం మొదలుపెట్టాను. అంత జాగ్రత్తపడినవాణ్ణి మాస్కు దగ్గర బోర్లాపడ్డాను.

పదకొండో రోజున మా చిన్న సిస్టర్‌కి జ్వరం వచ్చింది. పాజిటివ్. మాస్కు వల్లే వచ్చిందని నేననను, ఆ అమ్మాయి రోజూ షేర్ ఆటోలో వస్తుంది. కానీ ఆ రాత్రి నిద్రపట్టలేదు. తెల్లారి ఆదివారం, మాస్కు సంగతి తేల్చుకుందామని కూర్చున్నాను.

నెబ్యులైజరు (మందుని తుంపరగా మార్చే యంత్రం) మన దగ్గర ఉండేదే. మా నాన్నగారు కాఫీలో వేసుకునే శాకరిన్ బిళ్ళలు నీళ్ళలో కరిగించాను. ఆ తియ్యటి తుంపర నిలవడానికి తల మీద మూతలాంటిది కావాలి. పోయినేడు భయం కొద్దీ కొన్న అక్రిలిక్ పెట్టె ఒకటి అటక మీదుంది, గుర్తుందా, రోగి తల మీద బోర్లించి చేతులు కన్నాల్లోంచి దూర్చేది. అందులో స్కోపు తిప్పడం నా వల్ల కాలేదు. 2020 ఆగస్టులో అమెరికా ఎఫ్‌డీఏ కూడా ఆ తరహా పెట్టెలకిచ్చిన అత్యవసర అనుమతి వెనక్కి తీసుకుంది. ఏడాది తర్వాత ఇలా పనికొచ్చింది. మాస్కు పెట్టుకుని, తల అందులో పెట్టి, నోటితో పీలుస్తుంటే తియ్యదనం నాలుక్కి తగలకూడదు. అదీ పరీక్ష. మాస్కు మొహానికి ఆనిందో లేదో అసలు కిట్టుతో చూసే ఫిట్ టెస్టుకి ఇది సాటి రాదు, కానీ సూత్రం అదే.

ముందు పెద్ద సిస్టర్‌ని కూర్చోబెట్టాం. నిమిషం, రెండు నిమిషాలు. తల అటూ ఇటూ తిప్పమన్నాను, వంగమన్నాను, అంకెలు లెక్కపెట్టమన్నాను.

"తీపేమీ లేదు సార్" అంది.

అమ్మయ్య అనుకున్నాను. ఒట్టి అనుమానం, మాస్కు మంచిదే. అప్పుడు మా కాంపౌండర్ నవ్వాపుకోలేక, "సార్, సిస్టర్‌కి ఏప్రిల్లో వచ్చిపోయింది కదా, ఇప్పటికీ పప్పులో ఉప్పుందో లేదో తెలీట్లేదంట" అన్నాడు.

ముక్కు చెవి గొంతు డాక్టర్ని నేను! రుచి పోయిన మనిషితో రుచి పరీక్ష చేయించాను. మాస్కు లేకుండా, పల్చటి ద్రావణంతో ముందు తీపి తెలుస్తోందో లేదో చూసుకోవాలని, పావుగంట ముందు నుంచి ఏమీ తిని తాగకూడదని ఆ పరీక్ష పద్ధతిలోనే ఉంటుంది. నేనది వదిలేశాను. మీరు చేస్తే మాత్రం వదలకండి.

తర్వాత నేనే కూర్చున్నాను. మాస్కు లేకుండా, తీపి తెలిసింది. మిగిలున్న పాత కంపెనీ మాస్కు పెట్టుకుంటే ఎంత వంగినా ఏమీ లేదు. కొత్తది పెట్టుకుంటే మూడో ఊపిరికే నోరు తియ్యబడింది. లూపులు వదులవడం వల్లనా, అసలు బట్టే దండగా? అంచులన్నీ మైక్రోపోర్ టేపుతో అతికించి మళ్ళీ కూర్చున్నాను. పావు నిమిషంలో మళ్ళీ తీపి.

కత్తెర తీసుకుని రెండూ కోశాను. పాతదాంట్లో మధ్యన పల్చటి తెల్లటి పొర ఉంది, వెలుతురుకి పెడితే ఎక్కడా దారాల్లా కనబడదు. మెల్ట్‌బ్లోన్ అంటే అదే. చిన్న కాగితం ముక్కలు దగ్గర పెడితే దువ్వెనకి అంటుకున్నట్టు అంటుకున్నాయి. ఎన్95 పనంతా ఆ పొరది, దానిలో ఉన్న స్థిర విద్యుత్తుది. 0.3 మైక్రాన్ల రేణువుల్లో కనీసం 95 శాతం ఆగేది దాని వల్లే. స్పిరిట్ చల్లినా, సబ్బునీళ్ళలో ఉతికినా ఆ విద్యుత్తు పోతుంది. కాబట్టి "30 సార్లు ఉతకొచ్చు" అని రాసున్న ఎన్95 కనిపిస్తే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి. కొత్తదాంట్లో అయిదు పొరల మాట నిజమే. అయిదూ ఒకటే బట్ట, పెళ్ళిళ్ళలో స్వీటు బాక్సు పెట్టి ఇచ్చే సంచీ బట్ట.

మాస్కు మీదున్న టీసీ-84ఏ అనే ఆమోద నంబరు నియోష్ జాబితాలో వెతికితే అది ఇంకో కంపెనీది, ఇంకో మోడల్.

అతనికి ఫోన్ చేశాను. మొదట "సార్ సార్" అన్నాడు, తర్వాత "బిల్లు చూసుకోండి సార్" అన్నాడు. చూసుకున్నాను. అసలు మోసం అక్కడుంది. పెట్టె మీద ఎన్95, బిల్లులో మాత్రం "ఫేస్ కవర్, నాన్ మెడికల్, 300". కింద చిన్న అక్షరాల్లో అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని. డబ్బు ముందే వేసేశాను, బిల్లు పెట్టె అడుగున వచ్చింది, నేను చదవను కూడా చదవలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. వ్యాపారం కోసం కొన్న సరుకైతే ఆ చట్టం కిందికి రాదంటారు గానీ, స్వయం ఉపాధి కోసం కొన్నదైతే 2019 చట్టంలో వెసులుబాటుంది. చూద్దాం ఏమవుతుందో.

ఇక కొనేవాళ్ళకి. డబ్బు వెయ్యకముందే ప్రొఫార్మా బిల్లు అడగండి. అందులో మోడల్ పేరు, ప్రమాణం, లాట్ నంబరు రాయమనండి. రాయడానికి నసిగితే అక్కడితో వదిలెయ్యండి, అన్నిటికంటే తేలికైన పరీక్ష ఇదే. మన దేశంలో తయారైన దానికి నియోష్ ముద్రే ఉండాలనేం లేదు. ఐఎస్ 9473 అనే మన ప్రమాణం ప్రకారం ఎఫ్‌ఎఫ్‌పీ2 (ఎన్95కి దగ్గరి రకం) అని, ఐఎస్ఐ గుర్తు కింద సీఎం/ఎల్ అనే లైసెన్సు నంబరుతో ఉంటే ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి, కంపెనీ పేరు వస్తుంది. పెట్టె మీద పేరూ అదీ ఒకటేనా చూసుకోండి. కవాటం ఉన్నవి మనకొద్దు, మన ఊపిరి వడపోత లేకుండా నేరుగా రోగి మొహం మీదికి పోతుంది. 2020 జూలైలో కేంద్ర ఆరోగ్య శాఖ కూడా వాటిని వాడొద్దని రాష్ట్రాలకి రాసింది. ముందు పది తెప్పించుకుని, ఒకటి కోసి, ఒకటి మీ మొహానికి పెట్టి చూసుకున్నాకే వందల్లో ఆర్డరివ్వండి. గడ్డం ఉన్న డాక్టర్లూ, మీకు ఎంత మంచి మాస్కైనా అంచు ఆనదు. ఏమీ అనుకోకండి.

అదే మనిషి స్కోపుల కోసమని యూవీ పెట్టె కూడా అంటగట్టబోయాడు, అదృష్టవశాత్తు అది కొనలేదు. నీలం లైటు కనిపిస్తే యూవీ-సీ అయిపోదు. నిజమైనదైనా నీడపడిన చోట పనిచెయ్యదు, స్కోపు మీద చీమిడి మరక ఉంటే దాని కింద అసలు చెయ్యదు. లీక్ టెస్టు, ఎంజైమ్ నీళ్ళతో కడగడం, తర్వాత 2 శాతం గ్లూటరాల్డిహైడ్ అనే క్రిమిసంహారక ద్రావణంలో 20 నిమిషాలు, మంచినీళ్ళతో బాగా కడగడం, ఈ పాత దారికి అడ్డదారి లేదు. ద్రావణం డబ్బా మీద 14 రోజులని ఉందని ధైర్యపడకండి. రోజుకి పన్నెండు స్కోపులు ముంచితే ముందే పల్చబడుతుంది, స్ట్రిప్పు పెట్టి చూసుకోండి. పీపీఈ సూట్లయితే కుట్ల మీద టేపు ఉందా, లోపలి వైపు యూసీసీ అనే ధ్రువీకరణ కోడు ఉందా చూడండి. సిట్రా లాంటి ల్యాబులో కృత్రిమ రక్తంతో పరీక్ష నెగ్గిన సూటుకే ఆ కోడు ఇస్తారు. శానిటైజర్ లేబుల్ లేని క్యాన్లలో తెచ్చిస్తామంటే ఎంత చవకైనా వద్దు.

మా చిన్న సిస్టర్‌కి జ్వరం తగ్గింది, ఆక్సిజన్ 97 ఉంది. మిగిలిన మాస్కులు 190 పైనే ఉంటే అన్నిటి లూపులూ కత్తిరించి పసుపు సంచీలో వేశాం, ఎవరో ఏరుకుని మళ్ళీ పెట్టుకోకుండా. నాలుగు మాత్రం ఫిర్యాదు కోసం కవర్లో పెట్టుంచాను.

ఇది రాస్తుండగానే అదే నంబరు నుంచి మెసేజ్ వచ్చింది, ఇంకా బ్లాక్ చెయ్యలేదు. "డాక్టర్ గారూ, బ్లాక్ ఫంగస్‌కి వాడే ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్లు 20 వయల్స్ ఉన్నాయి, మీ పేషెంట్లకి కావాలంటే చెప్పండి. అడ్వాన్సు ముందు వెయ్యాలి."