ట్రాక్ బండి కట్టుకోడానికి ఏది మేలు: ఎస్టీమా, పాత సిటీ వీటెక్కా, మొదటి స్విఫ్టా?

సూటిగా చెప్పేస్తా. చెన్నైలో ఉంటూ ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద సొంత బండితో పోటీకి దిగాలి, చేతిలో డబ్బులు మాత్రం అంతంతే అంటే నా ఓటు మారుతి ఎస్టీమ్‌కే, అదీ 1999 తర్వాత వచ్చిన 85 బీహెచ్‌పీ (హార్స్ పవర్) ఎంపీఎఫ్ఐ, అంటే ఫ్యూయల్ ఇంజెక్షన్ మోడల్‌కి. అలాగని ఈ మాట వినగానే ఓఎల్ఎక్స్ తెరిచి మొదట కనబడ్డ బండికి అడ్వాన్స్ కొట్టేయకండి, ఎందుకంటే బాడీ గట్టిగా ఉన్న ఎస్టీమ్ దొరకడం ఇప్పుడు కష్టమే, దొరక్కపోతే మొదటి తరం స్విఫ్ట్ తీసుకోవడం నయం. హోండా సిటీ వీటెక్ సంగతంటారా, మూడింట్లో వేగం దానిదే, ఖర్చూ దానిదే.

ఏది మేలు అనగానే అందరూ హార్స్ పవర్ లెక్క తీస్తారు. ఎస్టీమ్ 1298 సీసీ, 85. స్విఫ్ట్ కూడా 1298 సీసీనే, 87. సిటీ వీటెక్ 1493 సీసీ, 106. కాగితం మీద సిటీ గెలిచేసింది. కానీ పక్కనే బరువు కూడా రాసుకోండి, ఎస్టీమ్ ఫ్యాక్టరీలోంచి వచ్చినప్పుడే 900 కిలోల లోపు, వెనక సీట్లు కార్పెట్లు ఏసీ డోర్ ప్యాడ్లు అన్నీ పీకేస్తే ఇంకా తగ్గిపోద్ది, స్విఫ్ట్ ఏమో టన్ను పైమాటే, సిటీ టన్నుకి అటూ ఇటూ. బరువు తక్కువుంటే బ్రేకులు తక్కువ కాలతాయి, టైర్లు నిదానంగా అరుగుతాయి, కొత్తగా మొదలెట్టినోడికి బండి కట్టేశాక నెలనెలా తగిలే ఖర్చులు ఇవే కదా. పైగా పోటీల్లో క్లాసులు ఎక్కువగా సీసీని బట్టే విడగొడతారు కాబట్టి 106 ఉన్నోడు మీ పక్క లైన్లో ఉండకపోవచ్చు, ఉన్నా వాడు వేరే క్లాస్. అందుకే బండి కొనకముందే ఆ ఏడాది రూల్స్ పుస్తకం సంపాదించి ఏ బండికి ఏ క్లాసో, ఏ మార్పులు ఒప్పుకుంటారో చదవాలి. ఎస్టీమ్‌లోకి పాత బలెనో 1.6 ఇంజిన్ దింపుదాం అనే ఆశ చాలామందికి పుడుతుంది, దింపొచ్చు, కాకపోతే 1590 సీసీ అయ్యేసరికి చిన్న క్లాస్‌లోంచి బయటికొచ్చేసి పెద్దోళ్ల మధ్య పడతారు.

నేను హార్స్ పవర్ కన్నా ముందు అడిగే ప్రశ్న వేరే ఉంది. ప్రాక్టీస్‌లో గేర్‌బాక్స్ పోయిందనుకోండి, వారం తిరక్కుండా ఇంకోటి దొరుకుతుందా, ఎంతకి దొరుకుతుంది? చెన్నైలో ఈ ప్రశ్నకి జవాబు పుదుపేటలో ఉంటుంది. ఎగ్మూరు పక్కన ఆ సందుల్లో తిరిగితే పాత బండ్ల ఇంజిన్లు, గేర్‌బాక్సులు, డ్రైవ్ షాఫ్టులు కుప్పలు కుప్పలుగా కనిపిస్తాయి, అడిగేవాళ్లు లేని మోడల్ ఏదో, జనం ఎగబడే మోడల్ ఏదో అక్కడ రెండు షాపులు అడిగితే తెలిసిపోద్ది. మారుతి సామాను అడిగితే నాలుగైదు చోట్ల ఉంటుంది, ఒకడు ఎక్కువ చెప్తే పక్కోడి దగ్గరికి వెళ్లొచ్చు. పాత సిటీ వీటెక్ గేర్‌బాక్స్ అడిగితే మాత్రం ఉన్నోడు ఒక్కడే ఉంటాడు, వాడికీ ఆ సంగతి తెలుసు.

ఎస్టీమ్ ఇంజిన్ గొప్పతనం కూడా ఇక్కడే బయటపడుతుంది. అందులో ఉన్న జీ13 ఇంజిన్ ఒక్క ఎస్టీమ్‌కే పరిమితం కాలేదు, జిప్సీ కింగ్‌లో అదే, వెర్సాలో అదే, 2005లో వచ్చిన మొదటి స్విఫ్ట్‌లోనూ అదే కుటుంబం. జిప్సీలో ఇంజిన్ నిలువుగా కూర్చుంటుంది కాబట్టి చుట్టూ ఉండే సామాను మారుతుంది గానీ లోపల పని తెలిసిన మెకానిక్ ప్రతి పేటలోనూ ఉంటాడు. మన దేశంలో కుర్రాళ్లు సింగిల్ సీటర్లు మొదలెట్టే ఎల్‌జీబీ ఫార్ములా 4 బండి వెనకాల ఉండేది కూడా స్విఫ్ట్ 1.3 ఇంజినే. అంటే ఈ ఇంజిన్‌ని రేసుకి ఎలా తయారు చేయాలి, ఏది ఎక్కడ తెగుద్ది అన్నది ఇక్కడ ట్యూనర్లకి కొట్టినపిండి, మీ బండి మీద ప్రయోగాలు చేసి నేర్చుకోరు.

దాని బలహీనత వేడి. బ్లాకూ హెడ్డూ రెండూ అల్యూమినియం, ఒక్కసారి గట్టిగా ఓవర్ హీట్ అయితే హెడ్ వంగిపోద్ది, తర్వాత ఎన్ని గ్యాస్కెట్లు మార్చినా నీళ్లు తాగుతూనే ఉంటది. చెన్నై ఎండలో మధ్యాహ్నం రెండింటికి ట్రాక్ మీదకి వెళ్లే బండికి పాత రేడియేటర్‌తో వెళ్లడం అంటే కోరి తెచ్చుకోవడమే. కొత్త రేడియేటర్, కొత్త వాటర్ పంప్, కొత్త హోసులు, పనిచేసే టెంపరేచర్ మీటర్, ఈ నాలుగూ అయ్యాకే ఎగ్జాస్ట్ గురించి మాట్లాడుకోవాలి. టైమింగ్ బెల్ట్ కూడా, ఎన్నాళ్ల కిందట మార్చారో అమ్మేవాడు ఏం చెప్పినా నమ్మకుండా మార్చేయాలి. ఇంకోటి, పొడవాటి మలుపుల్లో సంప్‌లో (ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) ఆయిల్ అంతా ఒక పక్కకి పోయి పంప్ గాలి పీలుస్తుంది, బేరింగులు పోయేది అక్కడే, సంప్‌లో రెండు అడ్డు రేకులు వెల్డ్ చేయించుకుంటే చాలావరకు ఆగుద్ది, రూల్స్ ఒప్పుకుంటాయో లేదో చూసుకుని.

చాసిస్ విషయంలో కూడా ఎస్టీమ్ పాతదే గానీ తీసిపారేసేది కాదు. వెనక చక్రాలకి ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉంది, స్విఫ్ట్‌కి వెనక టార్షన్ బీమ్, అంటే రెండు చక్రాల్నీ కలిపే ఒకే దూలం. అందువల్ల ఎస్టీమ్ వెనక భాగాన్ని అలైన్‌మెంట్‌తో కొంచెం అటూ ఇటూ సర్దుకునే వీలుంటుంది. 13 అంగుళాల టైర్లు చవక, అది చిన్న విషయం అనుకుంటారు గానీ ఒక సీజన్ టైర్ల బిల్లు చూశాక ఎవరూ అలా అనరు.

ఇక సిటీ. 1998లో మన దగ్గరికొచ్చిన మొదటి సిటీకి 2000లో మార్పులు చేసి ఈ 106 బీహెచ్‌పీ వీటెక్ తెచ్చారు, 2003 దాకా అమ్మారు. ఇంజిన్ ఎంత తిప్పితే అంత ఇస్తుంది, పైన క్యామ్ మారగానే వచ్చే ఊపు ఎస్టీమ్ వాడికి కలలో కూడా రాదు, ఇందులో దాచేదేం లేదు. ఒక హెచ్చరిక, 2003 చివర్లో వచ్చిన గుండ్రటి సిటీలో ఉన్నది 77 బీహెచ్‌పీ ఐడీఎస్ఐ, సిలిండర్‌కి రెండు చొప్పున ఎనిమిది స్పార్క్ ప్లగ్గులు, మైలేజీ కోసం చేసిన బండి అది. అమ్మేవాళ్లు అన్నిటినీ వీటెక్ అనే రాస్తారు, బానెట్ ఎత్తి చూడాలి. అసలు వీటెక్ దొరికిందే అనుకోండి, దాన్ని ముద్దుగా దాచుకునేవాళ్లు ఇప్పుడు బోలెడంత మంది ఉన్నారు కాబట్టి బాగున్న బండికి ధర బాగానే చెప్తారు, బాగా లేని బండిని ట్రాక్‌కి లాక్కొస్తే డిస్ట్రిబ్యూటర్ దగ్గర్నుంచి డ్రైవ్ షాఫ్ట్ దాకా ఒక్కోటీ వెతుక్కోవడమే సరిపోద్ది. అంతకన్నా, శుభ్రంగా ఉన్న వీటెక్‌ని కోసి కేజ్ (బోల్తా పడినా డ్రైవర్‌ని కాపాడే ఇనుప పంజరం) వెల్డ్ చేయడం నాకైతే మనసొప్పదు. మీ నాన్నగారి సిటీ ఇంట్లో ఊరికే పడుంది, ఆయనకి అభ్యంతరం లేదు అంటే అది వేరే సంగతి, అప్పుడు బండి ఖర్చు సున్నా కాబట్టి లెక్క మొత్తం తిరగబడుద్ది.

స్విఫ్ట్ దగ్గరికొస్తే దానికున్న పెద్ద సుగుణం వయసు. ఎస్టీమ్ తయారీ 2007తో ఆగిపోయింది, 1.3 పెట్రోల్ స్విఫ్ట్ 2010 దాకా వచ్చింది, ఆ తర్వాత కే12 ఇంజిన్ పెట్టారు. అదే ఇంజిన్ కుటుంబం, అదే మెకానిక్, కానీ బాడీ కొత్త డిజైన్, గట్టిది, తుప్పు కూడా కాస్త తక్కువ. వీల్ బేస్ చూస్తే ఎస్టీమ్ 2365 ఎంఎం, స్విఫ్ట్ 2390, అంటే కొలతల్లో రెండూ అన్నదమ్ములే. బరువు ఒక్కటే మోయాలి, అదీ ముందు వైపు. డీజిల్ స్విఫ్ట్ చవగ్గా వస్తుంది కదా అని కొందరు అడుగుతుంటారు, ర్యాలీకి ఆ టార్క్ బాగుంటుందేమో గానీ ముక్కు ఇంకా బరువు, ట్రాక్ మీద ముందు టైర్లని నమిలేస్తుంది, వద్దు. ఇంకో చిక్కు, స్విఫ్ట్‌ని కుర్రాళ్లు ఎక్కువగా వాయించేశారు, రెండు మూడు చేతులు మారిన బండికి చాసిస్ ఎక్కడ తగిలిందో, రేడియేటర్ సపోర్ట్ ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలీదు.

మిగతావి త్వరగా చెప్పేస్తా. మారుతి 800 ఆటోక్రాస్‌కి (మైదానంలో టైమ్ కోసం నడిపే పోటీ) బంగారం లాంటి బండి, 650 కిలోలు, ఎంత కొట్టినా లేచి నిలబడుద్ది, కానీ 37 బీహెచ్‌పీతో 3.7 కిలోమీటర్ల ట్రాక్ మీద స్ట్రెయిట్ వచ్చినప్పుడల్లా అద్దంలో చూసుకుంటూ దారి ఇవ్వడమే పని. ఫోర్డ్ ఐకాన్ 1.6 మన మరైమలై నగర్‌లోనే పుట్టింది, ఇంజిన్ గట్టిది, సామాను కొంత ఇంకా తిరుగుతోంది గానీ ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నామని చెప్పాక రోజురోజుకీ తగ్గేదే తప్ప పెరిగేది కాదు. ఫియట్ పాలియో 1.6 నడిపితే ప్రేమలో పడతారు, ఆ ప్రేమ సామాను షాపు దాకే. పోలో టీఎస్ఐ మంచిదే, తక్కువ బడ్జెట్ అన్న మాట తీసేస్తే.

అసలు డబ్బు ఎక్కడికి పోతుందో చెప్పకపోతే ఈ పోలిక అంతా వేస్ట్. ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు చాలామంది బండికి, ఎగ్జాస్ట్‌కి, అలాయ్‌లకి ఖర్చు పెట్టేసి కేజ్ దగ్గరికొచ్చేసరికి గ్రిల్లు వర్క్ చేసేవాడి దగ్గర నీళ్ల పైపుతో వంపించేస్తారు. ప్రపంచ మోటార్ స్పోర్ట్ సంస్థ ఎఫ్ఐఏ లెక్క ప్రకారం మెయిన్ హూప్‌కి (డ్రైవర్ వెనక నిలబడే పెద్ద వంపు కడ్డీ) అతుకు లేని కోల్డ్ డ్రాన్ స్టీల్ ట్యూబ్, 45 ఎంఎం వ్యాసం 2.5 మందం, లేదా 50 వ్యాసం 2 మందం ఉండాలి, మిగతా కడ్డీలకి 38 మీద 2.5 లేదా 40 మీద 2. కాళ్లు నేలకి ఆనే చోట 3 ఎంఎం ప్లేటు వేసి కనీసం మూడు ఎం8 బోల్టులు బిగించాలి. దానికి తోడు బకెట్ సీటు, బెల్టులు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, హెల్మెట్, సూటు. సీట్లకి గడువు కూడా ఉంటుంది, 8855-1999 స్టాండర్డ్ సీటైతే తయారైన దగ్గర్నుంచి ఐదేళ్లు, కాబట్టి సెకండ్ హ్యాండ్ సీటు చవగ్గా వస్తోందంటే దాని వెనక లేబుల్ మీద ఏడాది చూడండి. ఈ మొత్తం ఏ బండి కొన్నా ఒకటే, మామూలుగా బండి ధరని దాటేస్తుంది, అందుకే బండి మీద మిగిల్చిన ప్రతి రూపాయి ఇక్కడికి రావాలి అంటాను, సిటీ నా లిస్టులో కిందకి జారిపోయేది ఇందుకే.

బ్రేకులకి మాత్రం మూడు బండ్లకీ ఒకే మాట, మంచి ప్యాడ్లు, కొత్త డాట్ 4 గ్రేడు బ్రేక్ ఫ్లూయిడ్. డాట్ 3 కొత్తదైనా 205 డిగ్రీలకే మరగొచ్చు, డాట్ 4 కనీసం 230 దాకా ఆగాలి, పైగా మన సముద్రపు గాలిలో ఫ్లూయిడ్ తేమ పీల్చుకుని ఆ సంఖ్య ఇంకా పడిపోద్ది, ప్రతి ఈవెంట్‌కి ముందు మార్చుకుంటే పెద్ద ఖర్చేం కాదు.

కాగితాల సంగతి. ఈ మూడు బండ్లకీ 15 ఏళ్లు నిండిపోయాయి. 2022 ఏప్రిల్ నుంచి 15 దాటిన కారు ఆర్సీ రెన్యువల్ ఫీజు 5000, 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకి దాన్ని 10,000 చేశారు, తమిళనాడులో గ్రీన్ ట్యాక్స్ అదనం. ఇంకా పెద్ద విషయం, కేజ్ వేసి సీట్లు పీకిన బండి రోడ్డు మీద తిప్పడానికి కుదరదు, తయారీదారు ఇచ్చిన రూపం మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తేల్చి చెప్పింది. కాబట్టి ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించి బెంగళూరు హైవే మీద శ్రీపెరుంబుదూరు వైపు తీసుకెళ్లడమే, ఆ అద్దె కూడా బడ్జెట్‌లో రాసుకోండి. ఒకే బండితో వారమంతా ఆఫీసుకి వెళ్లి ఆదివారం ట్రాక్ డేకి వెళ్దాం అనుకునేవాళ్లకి ఎస్టీమ్ కట్టమని చెప్పను, స్విఫ్ట్‌ని స్టాక్‌గానే ఉంచి ప్యాడ్లు, ఫ్లూయిడ్, టైర్లు మార్చుకుని నడపండి, కేజ్ అడిగేది పోటీల్లోనే.

ఎస్టీమ్ వెతికేటప్పుడు చెన్నైలోనే కూర్చోవద్దు. ఇక్కడ తీరం పక్కన ఇరవై ఏళ్లు నిలబడ్డ బండి కింద భాగం ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. అనంతపురం, కర్నూలు వైపు ఎవరైనా చుట్టాలుంటే చెప్పి పెట్టండి, ఆ పొడి గాలిలో తిరిగిన బండ్లకి తుప్పు తక్కువ, ఆర్టీఓ దగ్గర ఎన్ఓసీ తెచ్చుకునే తిప్పలు ఉన్నా లాభమే. చూడ్డానికి వెళ్లినప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేసి మురిసిపోకుండా ముందు మ్యాట్లు ఎత్తండి, డోర్ల కింద సిల్స్, ముందు స్ట్రట్ (షాక్ అబ్జార్బర్) పైన కూర్చునే కప్పులు, వెనక స్పేర్ వీల్ గుంట, ఈ మూడు చోట్లా స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. కేజ్ వెల్డ్ చేసేది ఆ రేకుకే. ఇంజిన్ పోతే పుదుపేటలో దొరుకుద్ది, షెల్ (బండి బాడీ) పోతే దొరకదు, కాబట్టి ఎక్కడైనా స్క్రూడ్రైవర్ లోపలికి దిగిందా, అమ్మేవాడు ఇంకో పదివేలు తగ్గిస్తానన్నా సరే వదిలేసి 2008 స్విఫ్ట్ చూడ్డానికి వెళ్లిపోండి.